పేరు ఖరారు కాని గిలక

మంత్రిగారికి ఆ రోజు గొంతు బాగాలేదు. బాగుండి ఉంటే మన రాష్ట్రంలో గిలకలకి ఈ గతి పట్టేది కాదు.

అది చేతివృత్తుల ప్రదర్శన. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం చదవడం మొదలుపెట్టారు. "బండికి చక్రం, కుమ్మరికి సారె, నూతికి గిలక, నూలుకి రాట్నం, పిండికి తిరగలి" అని ఉంది అందులో. తిరగలి దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెర కమ్మింది. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ దగ్గి, విసుగెత్తి కాగితం మడిచేశారు. "అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఇన్ని పేర్లు దేనికయ్యా? ఒకటి పెట్టుకుంటే చాలదా?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఉపన్యాసం అయిపోయినందుకు కొట్టారు గాని, వెనక వరసలో కూచున్న ఒక అధికారి దాన్ని ప్రజాభిప్రాయంగా డైరీలో రాసుకున్నాడు.

ఆ అధికారి పేరు వైకుంఠరావు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరు కావాల్సినవాడు. రెండు వారాలు తిరక్కుండానే "గుండ్రని భ్రమణశీల వస్తువుల నామ ఏకీకరణ మండలి" పుట్టింది, దానికి ఆయన సంచాలకుడయ్యాడు, మండలి పని ముగిసేదాకా ఆయన సర్వీసు పొడిగించారు. పని ఎప్పుడు ముగియాలన్నది ఆయన చేతిలోనే పెట్టారు. అందుచేత ఆయన ఆ పనిని ప్రాణప్రదంగా చూసుకున్నాడు.

మండలి మొదటి ఉత్తర్వులో మూడు అంశాలున్నాయి. ఒకటి, గుండ్రంగా ఉండి తిరిగే వస్తువులన్నిటికీ ఇకమీదట ఒకటే పేరు. రెండు, ఆ పేరేదో మండలి కూలంకషంగా పరిశీలించి నిర్ణయిస్తుంది. మూడు, నిర్ణయించేదాకా ఏ కాగితం మీదా ఏ పాత పేరూ వాడరాదు. మొదటి రెండూ ఎవరికీ పట్టలేదు. జనం నెత్తిన కూచున్నది మూడోది.

ఎవరైనా చక్రం అన్న మాట ఉంది కదా, అదే ఖాయం చేస్తే సరిపోదా అనుకుంటారు. మండలి కూడా మొదటివారం అలాగే అనుకుంది. కాని నిఘంటువు తెరిచి చూస్తే ఆ మాట అప్పటికే చాలాచోట్ల కొలువు చేస్తోంది. విష్ణుమూర్తి చేతిలో ఆయుధం చక్రం. బాణలిలో వేగే జంతికలు చక్రాలు. జ్యోతిష్కుడి కాగితం మీద రాశిచక్రం, దీపావళికి భూచక్రం, వడ్డీ మీద వడ్డీ చక్రవడ్డీ, వెన్నెముక పొడుగునా యోగులు చెప్పేవి మరో ఆరు. ఇవిగాక రాజకీయ నాయకులు కొందరు రాజధానిలో కూచుని తిప్పేది ఒకటుంది, అది ఎవరి కంటికీ కనపడదు. ఒక మనిషి రెండు ఉద్యోగాలు చెయ్యకూడదన్న నియమం మాటలకి మాత్రం ఎందుకు వర్తించదని వైకుంఠరావు అడిగాడు. ఆయన్ని కాదనేవాళ్ళు ఆ గదిలో లేరు. బహు ఉద్యోగాల నేరం కింద చక్రాన్ని పోటీ నుంచి తప్పించారు.

సరిగ్గా ఆ నెలలోనే ఎర్రగుంటపాలెం బాలికల వసతి గృహంలో నూతి గిలక పగిలింది.

ఎర్రగుంటపాలెం మార్కాపురం దాటాక మెట్టభూముల్లో ఉంటుంది. చుట్టూ మిరప చేలు, రాళ్ళు. వసతి గృహంలో అరవై రెండు మంది ఆడపిల్లలు. బోరు రెండు వేసవుల కిందటే గాలి తప్ప ఏమీ ఇవ్వనని మొండికేసింది. పాతకాలపు నుయ్యి ఒక్కటే దిక్కు. పన్నెండు బారల లోతు, అడుగున కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. ఆ నీళ్ళు పైకి రావడానికి ఆధారం ఆ గిలక. అది నడిమికి చీలి, ఒక ముక్క నూతిలో పడింది.

వార్డెను దయామణి పదిహేనేళ్ళ సర్వీసులో బియ్యం దగ్గర్నుంచి చీపుళ్ళ దాకా ఇండెంట్లు రాసి చెయ్యి తిరిగిన మనిషి. "నూతికి గిలక ఒకటి అత్యవసరంగా ఇప్పించగలరు" అని రాసి పంపింది. పది రోజులకి తిరిగొచ్చింది. "గిలక" అన్న చోట ఎర్ర సిరాతో గీత, పక్కన "నిషిద్ధ పదము. ఆమోదిత నామముతో తిరిగి పంపుడు" అని ఉంది. ఆమోదిత నామం ఏమిటో అందులో లేదు. ఆఫీసుకి ఫోను చేసి అడిగితే, అదింకా ఎవరికీ తెలియదని గుమాస్తా చాలా మర్యాదగా చెప్పాడు.

ఆమె రెండోసారి "నూతి చక్రం" అని రాసింది. చక్రం అనర్హత పొందినదని తిరిగొచ్చింది. మూడోసారి ఒళ్ళు మండి, "గుండ్రంగా ఉండి, అంచున తాడు పడే గాడి కలిగి, ఇరుసు మీద తిరుగుతూ, నూతిలోంచి నీళ్ళు తోడడానికి పనికొచ్చే ఇనుప వస్తువు" అని రాసింది. ఈసారి జవాబు పెద్దది వచ్చింది. "సదరు వర్ణన మిక్కిలి స్పష్టముగా నున్నది. చదివిన వారెవరికైనను ఆ వస్తువు పాత పేరు తలపునకు వచ్చుచున్నది. కావున ఇదియు నిషిద్ధ పదముగానే పరిగణించడమైనది." నాలుగోసారి ఏమీ రాయకుండా పేరు చోట ఖాళీ వదిలి పంపింది. దానికి మాత్రం రెండు రోజుల్లోనే జవాబొచ్చింది. "మీరు ఏమియు కోరనందున ఏమియు మంజూరు చేయనైనది కాదు. మీ పొదుపునకు అభినందనలు."

ఇలా కాగితాలు తిరుగుతున్నంత కాలం పిల్లలు నూతి గట్టున నిలబడి వట్టి చేతుల్తో తాడు లాగారు. చేతులు పొక్కిపోయాయి. లెక్కల నోటుపుస్తకంలో పిల్లల అక్షరాలు వంకర్లు పోతున్నాయేమిటని టీచరు కబురు పంపితే, దయామణి ఒక పిల్ల అరచెయ్యి తిప్పి చూసింది. చీర మార్చుకుని మార్కాపురం బస్సెక్కింది.

ఇనుప సామాన్ల కొట్టులో మనిషి ఆమె ఏం కావాలో చెప్పకముందే, "గిలకా మేడమ్, నూతికా, ఎన్నంగుళాలు?" అన్నాడు. ఐదు నెలల తర్వాత ఆ మాట ఒక మనిషి నోట వినేసరికి దయామణికి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. సొంత డబ్బుతో కొనుక్కుని, సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఇరుసు దూర్చి సీల బిగించే పని కూడా తనే గట్టెక్కి చేసింది. పది నిమిషాలు పట్టింది. సాయంత్రం తొట్టి నిండి పొర్లింది. వంటమనిషి ఓబులమ్మ గిలకకి పసుపూ కుంకుమా పెట్టింది.

నెలరోజులు అంతా బాగానే నడిచింది. అప్పుడు స్టాకు తనిఖీకి లక్ష్మీనరసు వచ్చాడు.

లక్ష్మీనరసు జిల్లా పర్యవేక్షణాధికారి. చెడ్డవాడేం కాదు. ఎర్రగుంటపాలెం వస్తే ముందుగా ఒక చెంబుడు నూతినీళ్ళు తాగి, ఈ నీళ్ళు జిల్లాలో ఇంకెక్కడా లేవని ప్రతిసారీ చెప్పి, అప్పుడు గాని రిజిస్టరు తెరిచేవాడు కాదు. కాని కాగితమంటే ఆయనకి పామంటే ఉన్నంత భయం. ఆ రోజు నీళ్ళు తాగి, చెంబు దించి, తలెత్తి చూశాడు. చూసి, రిజిస్టరు తిరగేశాడు. మళ్ళీ తలెత్తి చూశాడు.

"ఇదేమిటి?" అన్నాడు.

"మీకు తెలియదా సార్?"

"తెలుసు. తెలుసని రాయకూడదు."

ఆయన తన కష్టం ఆమెకి విడమరిచి చెప్పాడు. ప్రభుత్వ ఆవరణలో ఉన్న ప్రతి వస్తువూ రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరులో ఉండాలంటే దానికో పేరుండాలి. పేరు ఖరారు కాలేదు కాబట్టి ఈ వస్తువు రిజిస్టరులోకి ఎక్కదు. ఎక్కని వస్తువు ఆవరణలో ఉండకూడదు. పైగా ఇలాంటివి ఎక్కడ కనపడినా నమూనా కింద స్వాధీనం చేసుకుని మండలికి పంపమని ఉత్తర్వు ఉంది. దయామణి అది తన సొంత సొమ్ముతో కొన్నదని చెప్పింది. సొంత సొమ్ముతో ఏం కొన్నారో కాగితం మీద రాసిస్తే వెంటనే వదిలేస్తానన్నాడాయన. ఆమె కలం తీసుకుని, రాయబోయి, ఆగి, కలం మూసేసింది.

ఓబులమ్మకి ఈ సంగతులేవీ తలకెక్కలేదు. "మా అవ్వ కాలం నుంచీ అది గిలకే గదా అయ్యా. ఇప్పుడేంది, పట్నం తీసకపోయి దానికి బారసాల చేస్తారా?" అంది.

లక్ష్మీనరసు తలొంచుకుని గిలకని జీపులో పెట్టించాడు. పెట్టించి, ఇంకో చెంబుడు నీళ్ళు తాగాడు. ఆ తర్వాత చాలా రోజుల దాకా ఆ నూతిలోంచి నీళ్ళు అంత సులువుగా రాలేదు.

ఇంకోటి కొందామంటే కొట్లలో దొరకలేదు. ఈలోగా ఉత్తర్వు కొట్ల బిల్లులకీ వచ్చింది. బిల్లు మీద పేరు రాయాలి, రాస్తే జరిమానా, రాయకపోతే పన్ను ఎగవేత. కొట్టువాళ్ళు గుండ్రంగా ఉండి తిరిగేవన్నీ లోపలి గదిలో పడేసి తాళం వేసుకున్నారు. ఈ చిక్కు అప్పటికి రాష్ట్రమంతా పాకింది. పంక్చరైన ప్రభుత్వ వాహనాలకి కొత్తవి తెప్పించుకోవడానికి ఏమని రాయాలో తెలీక వాటిని ఇటుకల మీద నిలబెట్టారు. సాక్షాత్తూ వైకుంఠరావు కారు కూడా ఇటుకల మీదే ఉంది. ఆయన రోజూ రెండు మైళ్ళు నడిచి ఆఫీసుకొస్తూ, ఉత్తర్వు ఎంత పకడ్బందీగా అమలవుతోందో చూడండని దారిలో వాళ్ళకి చూపించేవాడు.

తర్వాత భూమి వంతొచ్చింది. భూమి గుండ్రంగా ఉంది, తిరుగుతోంది, కాబట్టి మండలి పరిధిలోకి వస్తుందని ఒక పండితుడు తేల్చాడు. ఐదో తరగతి పుస్తకంలో భూభ్రమణం పాఠం మీద తెల్లకాగితం అంటించమని ఆదేశాలొచ్చాయి. పరీక్షలో "మనం నివసించుచున్న ______ తన చుట్టూ తాను తిరుగును" అని ప్రశ్న ఇచ్చారు. ఖాళీ పూరించినవాళ్ళకి మార్కులు తీసేశారు.

ఎర్రగుంటపాలెంలో పిల్లలు మళ్ళీ వట్టి తాడు పట్టుకున్నారు. వేసవి ముదిరి నీళ్ళు ఇంకా కిందికి పోయాయి. ఒకరోజు పొద్దున్న ఎనిమిదో తరగతి సంపూర్ణ బిందె బరువుకి ముందుకి తూలి, నడుం దాకా నూతిలోకి వంగిపోయింది. పక్కనే ఉన్న ఓబులమ్మ జడ దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ గట్టు కింద పడ్డారు. బిందె మాత్రం లోపలికి పోయింది. అది రాళ్ళకి కొట్టుకుంటూ అడుగుకి చేరేదాకా వినపడిన చప్పుడు దయామణి చెవుల్లోంచి చాలా రోజులు పోలేదు. ఆ పూటే నూతి మీద చెక్కలు కొట్టించేసింది.

మూడు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. ఆ నీళ్ళు మురుగు వాసన, తాగితే పిల్లలకి విరేచనాలు. అమ్మానాన్నలు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోవడం మొదలుపెట్టారు. పదకొండు మంది వెళ్ళారు. నీళ్ళ సంగతి తేలాక పంపిస్తాం అనే అందరూ అన్నారు. దయామణికి ఆ మాట అర్థం తెలుసు. ఒకసారి మిరప కోతకి దిగిన పిల్ల మళ్ళీ బడి మెట్టెక్కదు. సంపూర్ణ కూడా ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే ఆమె చూడలేకపోయింది. పది రోజులు ఆగమని, ఆ లోపల గిలక తెచ్చి బిగిస్తానని వాళ్ళ నాన్నకి మాటిచ్చింది. ఎలా తెస్తుందో ఆమెకే తెలీదు.

మర్నాడే రాజధానికి వెళ్ళింది. మండలి భవనాన్ని గుండ్రంగా కట్టారు. భవనం గుండ్రంగా ఉందిగాని తిరగదు కనక దానికి వర్తుల భవన్ అని పేరు పెట్టుకోగలిగారు. తిరిగేది లోపలికొచ్చిన జనమే. దయామణి మూడుసార్లు చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి, నాలుగోసారి సంచాలకుడి గది పట్టుకుంది.

లోపల ఉపసంఘం సమావేశం నడుస్తోంది. ఆమెని ఒక మూల కూచోమన్నారు. చర్చనీయాంశం ఆమె గిలకే. సముద్రతీరం నుంచి వచ్చిన ఆయన అది గిలక అన్నాడు. తెలంగాణ నుంచి వచ్చిన ఆయన గిరక అన్నాడు. ఓడరేవులో పనిచేసి వచ్చిన ఒకాయన, మీరిద్దరూ ఏమన్నా అనుకోండి, అది కప్పీ అన్నాడు. ముగ్గురూ నిషిద్ధ పదాలు ఉచ్చరించినందుకు ముందు ముగ్గురి చేతా క్షమాపణ చెప్పించారు. తర్వాత దోసె గురించి వాదన జరిగింది. దోసె గుండ్రంగా ఉంటుంది, పెనం మీద తిప్పుతారు, మరి అది తిరిగినట్టా, తిప్పబడినట్టా? దీని మీద ఒక ఉప ఉపసంఘం వేశారు. మధ్యలో బంట్రోతు పళ్ళెంలో టీ, చక్రాలు తెచ్చిపెట్టి, వాటి పేరు ఎత్తకుండా "ఇవి తీసుకోండి" అన్నాడు. అందరూ తీసుకున్నారు. తినడానికి పేరుతో పనిలేదని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

సమావేశం ముగిశాక వైకుంఠరావు ఆమెని ఎంతో ఆదరంగా పలకరించాడు.

"అమ్మా, మీ వస్తువు సామాన్యమైనది కాదు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన నాలుగు వేల నమూనాల్లో సమగ్ర దృక్పథంతో పరిశీలించి దాన్ని ప్రథమ నమూనాగా ఎంపిక చేశాం. అదిప్పుడు జాతి సంపద" అన్నాడు.

"సార్, అక్కడ పిల్లలకి నీళ్ళు లేవు. ఒక పిల్ల నూతిలో పడబోయింది."

"అటువంటి పిల్లల కోసమే కదమ్మా ఈ కృషి. రేపు ఆ పిల్ల పెద్దదై, తాను పడబోయింది దేనికో ఒకే ఒక్క మాటలో చెప్పుకోగలుగుతుంది."

దయామణి మెల్లగా అంది. "నాకు పేరొద్దు సార్. దాన్ని ఇచ్చెయ్యండి. పేరు మీ దగ్గరే ఉంచుకోండి."

వైకుంఠరావు నొచ్చుకున్నాడు. ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదని, కాని ఫలానా వస్తువు ఇచ్చామని రాయాలి కదా, ఏమిచ్చామని రాయమంటారని అడిగాడు. పేరు ఖరారవ్వగానే మొదటి కాపీ ఆమెకే పంపుతానన్నాడు. ఎప్పుడు ఖరారవుతుందంటే, తొందరపడితే భావితరాలు క్షమించవన్నాడు. వచ్చే వారం మండలి వార్షికోత్సవానికి నమూనాశాల ప్రారంభిస్తున్నామని, ప్రథమ వస్తు దాతగా ఆమెకి సన్మానం ఉందని, తప్పకుండా రావాలని ఆహ్వానపత్రిక చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని, నేనేం దానం చెయ్యలేదండీ అనబోయి, ఏదో ఆలోచన తట్టి, తప్పకుండా వస్తానని చెప్పింది.

వార్షికోత్సవం వైభవంగా జరిగింది. నమూనాశాల నడిమధ్యలో పాలరాతి నుయ్యి కట్టించారు. దాని మీద, గంధం పూసి దండ వేసి, ఎర్రగుంటపాలెం గిలక వేలాడుతోంది. ఓబులమ్మ పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఒక అంచున కనపడుతూనే ఉంది. నూతిలో పొయ్యడానికి రెండు ట్యాంకర్ల మంచినీళ్ళు తెప్పించారట. పక్కన ఇత్తడి ఫలకం ఉంది. దాని మీద "పేరు:" అని చెక్కి, తర్వాత చాలా చోటు వదిలారు.

వెనకటి మంత్రిగారే వచ్చారు. ఈసారి గొంతు బాగానే ఉంది. పట్టుతాడు పట్టుకుని వెండి చేదతో నీళ్ళు తోడి, చప్పట్లు అయ్యాక, "బాగుంది. ఇంతకీ దీన్నేమంటారు?" అని అడిగారు. పరిశీలనలో ఉందని వైకుంఠరావు వినయంగా మనవి చేశాడు. "మా ఊళ్ళో గిలక అంటాం" అన్నారు మంత్రిగారు మామూలుగా. ఆ మాటని కార్యక్రమ నివేదికలోంచి తొలగించాల్సిందిగా వైకుంఠరావు పక్కనున్న గుమాస్తాకి చెవిలో చెప్పాడు.

దయామణికి శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. తర్వాత భోజనాలు అనగానే హాలు ఖాళీ అయిపోయింది. అంత గొప్ప సంస్థలో భోజనాల పిలుపు కన్నా వేగంగా అమలయ్యే ఉత్తర్వు ఇంకోటి లేదు. దయామణి ఒక్కతే మిగిలింది. చెప్పులు విడిచి పాలరాతి గట్టెక్కింది. దండ తీసి పక్కన పెట్టింది. ఆ సీల బిగించింది తనే కాబట్టి ఎటు తిప్పాలో వేళ్ళకి గుర్తుంది. ఇరుసు లాగి, గిలకని గుండెకి ఆనించుకుని కిందికి దిగింది. జన్మలో ఒక పెన్సిలు ముక్క కూడా ఎవరిదీ ఎత్తుకొచ్చిన మనిషి కాదు. ఇది నాదే, నేను కొన్నదే అని లోపల్లోపల అనుకుంటూ, వాళ్ళు కప్పిన శాలువాలోనే చుట్టి సంచిలో పెట్టుకుంది.

గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. బయటికెళ్ళే ప్రతి వస్తువూ రాసుకోవాలన్నాడు. ఆమె ఏమీ దాచలేదు. సంచి తెరిచి, శాలువా విప్పి చూపించింది. అతను తారీఖు రాశాడు, టైము రాశాడు, ఆమె పేరు రాశాడు. వస్తువు పేరు అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.

"దీన్నేం రాయాలమ్మా?"

"మీ సార్లు ఏది రాయమంటే అదే రాయండి."

అతను కాసేపు గిలక కేసి, కాసేపు ఆమె కేసి చూశాడు. ఏ ఊరివాడో గాని, గాడిలోకి వేలు పోనిచ్చి ఒకసారి తిప్పి చూశాడు. అది కిర్రుమంటూ తిరిగింది. "రాయడానికేం లేనప్పుడు ఏం లేనట్టే కదమ్మా" అని ఆ గడిలో ఒక గీత గీసి, సంచి బరువుగా ఉందని తనే ఎత్తి ఆమె భుజానికి తగిలించాడు.

సాయంత్రానికి దొంగతనం బయటపడింది. వైకుంఠరావు స్వయంగా నడుచుకుంటూ పోలీసు స్టేషనుకి వెళ్ళి ఫిర్యాదిచ్చాడు. ఏం పోయిందో రాయమన్నాడు ఎస్సై. ఎదురుగా గోడ మీద మండలి ఉత్తర్వు అద్దం కట్టించి వేలాడుతోంది. కింద సంతకం వైకుంఠరావుదే. అయినా దొంగ మీది కోపంతో, అలవాటు కొద్దీ, "గిలక" అని రాశాడు. నిషిద్ధ పదమని ఎస్సై ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కిచ్చాడు. "గుండ్రంగా ఉండి గాడి కలిగి ఇరుసు మీద తిరిగే ఇనుప వస్తువు" అని రాశాడు. మిక్కిలి స్పష్టంగా ఉందని అదీ వెనక్కిచ్చాడు. వైకుంఠరావు చెమటలు తుడుచుకుని, ఈసారి పేరు చోట ఖాళీ వదిలి ఇచ్చాడు. ఎస్సై దాన్ని శ్రద్ధగా చదివి, స్టాంపు వేసి, కింద రాశాడు. "ఫిర్యాదుదారుది ఏమియు పోనందున ఏమియు వెతకనైనది కాదు."

నేరం ఎవరు చేశారో మండలిలో అందరికీ తెలుసు. రిజిస్టరులో తారీఖు, టైము, మనిషి పేరు అన్నీ ఉన్నాయి. ఏం చేసిందన్నది ఒక్కటే లేదు. చివరికి మండలి వారు, "శ్రీమతి దయామణి వద్దనున్న ______ ను తక్షణమే స్వాధీనపరచుకొనవలెను" అని లక్ష్మీనరసుకి ఉత్తర్వు పంపారు.

ఆయన ఎర్రగుంటపాలెం వచ్చేసరికి ఎండ మాడుతోంది. జీపు కూడా ఇటుకల మీదికి ఎక్కడంతో బస్సు దిగి నడిచి వచ్చాడు. నూతి మీద చెక్కలు లేవు. సంపూర్ణ నీళ్ళు తోడుతోంది. గిలక కిర్రుకిర్రుమంటోంది. తొట్టి దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. వెళ్ళిన పదకొండు మందిలో ఏడుగురు తిరిగొచ్చారు. నలుగురు రాలేదు. మిరప చేలకెళ్ళి దయామణి బతిమాలినా రాలేదు.

ఆయన ఉత్తర్వు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె చదివి, మడిచి తిరిగిచ్చేసింది.

"తీసుకెళ్ళండి సార్. ఇందులో ఏం రాసుంటే అది తీసుకెళ్ళండి."

లక్ష్మీనరసు ఆ ఖాళీ గీత కేసి చాలాసేపు చూశాడు. ఆయన సర్వీసులో ఏ ఉత్తర్వునీ అమలు చెయ్యకుండా వదిలింది లేదు. గీత మీద ఉన్నదాన్ని స్వాధీనపరచుకోమన్నారు, గీత మీద ఏమీ లేదు. ఉత్తర్వుని అక్షరం పొల్లుపోకుండా పాటించాలంటే ఆయన ఇప్పుడు వట్టి చేతుల్తో వెనక్కి వెళ్ళాలి. ఆ సంగతి తట్టగానే ఆయన మొహం తేటపడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఓబులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "బారసాల అయిందా అయ్యా? ఏం పేరు పెట్టారు?" అని అడిగింది.

ఇంకా పెట్టలేదని చెప్పి, ఆయన చెంబు ఎత్తి గటగటా తాగేశాడు. ఇంకో చెంబు అడిగాడు.